లెన్సు కొనే ముందు స్కేలు కొనండి

మాక్రో లెన్సు కొనాలనుకునే సాటి సాఫ్ట్‌వేర్ సోదర సోదరీమణులకి నా సలహా ఒక్క ముక్కలో చెప్పాలంటే: ఇప్పుడే కొనకండి. ముందు ఒక స్టీలు స్కేలు కొనండి. ఉక్కు నగరంలో ఉంటూ ఆ మాత్రం ఇనుము కొనలేమా? :)

వేళాకోళం కాదండీ, నిజంగానే అంటున్నాను. మన వాళ్ళు కెమెరా కొన్న ఏడాదికల్లా ఒక జబ్బు పడతారు. మొదట కిట్ లెన్సుతో ఆర్కే బీచ్‌లో సూర్యోదయం అవుతుంది. తర్వాత కైలాసగిరి మీంచి ఊరంతా అవుతుంది. ఆ తర్వాత ఎక్కడో ఈగ కన్ను ఫోటో చూసి "ఇలాంటిది నేనూ తియ్యాలి" అనుకుంటారు. మర్నాటికల్లా 100 మి.మీ. మాక్రో లెన్సు కార్ట్‌లో పడుతుంది. మొన్న మా టీంలో కొత్తగా చేరిన కుర్రాడు కూడా అంతే. "అన్నా, ఈఎంఐ పెట్టి కొనేద్దామనుకుంటున్నా, ఏమంటావ్?" అన్నాడు. "దేన్ని ఫోటో తీద్దామని?" అనడిగాను. "మాక్రో అన్నా!" అన్నాడు. అది జవాబు కాదు కదా. రిక్వైర్‌మెంట్ ఏమిటంటే "సర్వర్" అని చెప్పినట్టుంది.

ఒక ప్రోగ్రాం నెమ్మదిగా నడుస్తుంటే మనం ఏం చేస్తాం? తెలివైన వాడైతే ముందు ప్రొఫైలర్ పెట్టి ఎక్కడ టైం పోతోందో చూస్తాడు. తెలివితక్కువ వాడు పెద్ద మెషీన్ కొనమంటాడు. క్లోజప్ ఫోటోల విషయంలో మనలో చాలామంది రెండో రకం పని చేస్తున్నారని నా అభిప్రాయం. ఆఫీసులో ఎవరైనా అలా చేస్తే రివ్యూలో చీల్చి చెండాడతాం, సొంత జేబు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ బుద్ధి ఎటు పోతుందో తెలీదు.

సరే, అసలు విషయానికొద్దాం. మాక్రో అంటే ఏమిటి?

వస్తువు సెన్సార్ మీద ఎంత సైజులో పడుతోంది అన్నదే లెక్క. 10 మి.మీ. పురుగు సెన్సార్ మీద కూడా 10 మి.మీ. పడితే అది 1:1. ఐదు మి.మీ. పడితే 1:2, అంటే సగం. మాక్రో లెన్సు అని గట్టిగా అనిపించుకోవాలంటే 1:1 రావాలన్నది చాలాకాలంగా ఉన్న మాట. (నికాన్ వాడు వీటిని 'మైక్రో' అంటాడు, కంగారు పడకండి, రెండూ ఒకటే.) కానీ జూమ్ లెన్సుల మీద 'మాక్రో' అన్న ముక్క చాలా ఉదారంగా రాసేస్తుంటారు. టామ్రాన్ 70-300 లాంటి పాత జూముల్లో 1:2 నిజంగానే వస్తుంది, పాపం దాని పేరులోనే 1:2 అని నిజాయితీగా రాసుకున్నాడు. మిగతా వాటిల్లో చాలావాటికి మూడో వంతూ నాలుగో వంతూ దాటదు.

అందుకే స్కేలు. మీ దగ్గరున్న లెన్సుని ఎంత దగ్గరగా ఫోకస్ అవుతుందో అంత దగ్గరికి తీసుకెళ్ళి స్కేలు ఫోటో తియ్యండి. ఫోటోలో అడ్డంగా ఎన్ని మిల్లీమీటర్లు కనబడుతున్నాయో లెక్కపెట్టండి. మామూలు క్రాప్ సెన్సార్ కెమెరాల్లో సెన్సార్ వెడల్పు కెనాన్‌కి 22 మి.మీ. పైచిలుకు, నికాన్‌కీ సోనీకీ 23.5 దగ్గర. ఫుల్‌ఫ్రేమ్ అయితే 36. సెన్సార్ వెడల్పుని కనబడిన మిల్లీమీటర్లతో భాగిస్తే మీ మాగ్నిఫికేషన్ వచ్చేసినట్టే. కెనాన్ క్రాప్ కెమెరాలో స్కేలు మీద 22 మి.మీ. కనబడితే 1:1, 44 కనబడితే సగం. అంతే, ఇంజనీరింగ్ డిగ్రీ కూడా అక్కర్లేదు.

ఇలా కొలిస్తే చాలామందికి ఆశ్చర్యం కలిగే సంగతి ఒకటి బయటపడుతుంది. కెమెరాతో పాటు వచ్చే మామూలు 18-55 కిట్ లెన్సుల్లో చాలావాటికి మూడో వంతు దాకా వస్తుంది. అంటే ఆరేడు సెంటీమీటర్ల వస్తువు ఫ్రేము నిండా పడుతుందన్నమాట. రెక్కలు విప్పితే తొమ్మిది పది సెంటీమీటర్లుండే సీతాకోకచిలుకకి నాలుగో వంతు చాలు. మందారానికి ఇంకా తక్కువ చాలు. అంటే "పూలూ సీతాకోకచిలుకలూ తీస్తానండీ" అనేవాళ్ళకి అసలు మాక్రో లెన్సే అక్కర్లేదు! డబ్బులు మిగిలాయి, ఎంచక్కా అరకు వెళ్ళిరండి.

ఇప్పుడు రిక్వైర్‌మెంట్ రాద్దాం. మన విశాఖలోనే ఉన్నవి తీసుకుందాం.

మొదటిది ఆరుద్ర పురుగు. జూన్ నెలాఖర్లో ఆరుద్ర కార్తెలో తొలి వానలకి నేల మీద ఎర్ర మఖమల్ ముద్దలా పాకుతుందే, అది. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో దాచుకోని వాళ్ళుండరు. దానికి ఎనిమిది కాళ్ళు, అంటే లెక్క ప్రకారం కీటకం కాదు, సాలీడుకి చుట్టం. సైజు సెంటీమీటరుకి అటూ ఇటూ. 1:1లో తీస్తే ఫ్రేములో దాదాపు సగం నిండుతుంది. 1:2లో తీసి కాస్త క్రాప్ చేసుకున్నా బ్రహ్మాండంగా ఉంటుంది.

రెండోది ఇంటి గోడల మీద గెంతే చిన్న సాలీడు. ఐదారు మిల్లీమీటర్లుంటుంది. దాని ముందు రెండు పెద్ద కళ్ళూ మన వంక చూస్తున్నట్టు తియ్యాలంటే 1:1 చాలదు, రెండు రెట్లు కావాలి. అంటే మన కుర్రాడు ఈఎంఐలో కొనబోయే ఆ లెన్సు కూడా ఒక్కతే ఈ పని చెయ్యలేదు. చీమ తలకాయైతే ఐదు రెట్లు దాకా వెళ్ళాలి. కెనాన్ వాడు 1999లో తెచ్చిన ఎంపీ-ఇ 65 లాంటి ప్రత్యేకమైన లెన్సు దానికోసమే పుట్టింది. ఆ దారి మనకొద్దు.

మూడోది రాళ్ళ మధ్య నీటి గుంటలు. తెన్నేటి పార్కు కింద, జోడుగుళ్ళపాలెం దగ్గర, రుషికొండ వైపూ పాటు సమయంలో సముద్రం వెనక్కి తగ్గినప్పుడు బండల మధ్య నీళ్ళు నిలుస్తాయి చూడండి. వాటిల్లో పువ్వులా విచ్చుకునే ఎనిమోన్లు, గవ్వలో దూరి బతికే పీతలు ఉంటాయి. ఇవి చాలావరకు సెంటీమీటర్లలో ఉండే జీవాలు. వీటికి కావాల్సింది మాగ్నిఫికేషన్ కన్నా నీటి మీద మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టరూ, పాటు టైం తెలుసుకునే ఓపికా, ఉప్పునీళ్ళ నుంచి కెమెరాని కాపాడుకునే ఒక ప్లాస్టిక్ కవరూ.

చూశారా, మూడు సబ్జెక్టులు, మూడు వేరువేరు లెక్కలు. ఏది కావాలో తేల్చుకోకుండా ఏ లెన్సు మంచిదంటే ఎవరేం చెప్తారు?

ఇప్పుడు తక్కువ ఖర్చు దారులు చూద్దాం. నా దృష్టిలో ఇవి మూడున్నాయి, వాటి వెనక ఒక చిన్న లెక్కుంది. ఆ లెక్క తెలిస్తే ఇంకెవర్నీ అడగక్కర్లేదు.

మొదటి దారి ఎక్స్‌టెన్షన్ ట్యూబులు. కెమెరాకీ లెన్సుకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టాలు. లోపల గాజు లేదు, కాబట్టి పాడుచెయ్యడానికీ ఏమీ లేదు. కెంకో సెట్టులో 12, 20, 36 మి.మీ. మూడు ముక్కలుంటాయి. మొత్తం 68. సూత్రం: ట్యూబు పొడవుని లెన్సు ఫోకల్ లెంత్‌తో భాగించండి. 50 మి.మీ. లెన్సుకి 68 పెడితే 1.36 రెట్లు. అంటే కెమెరా ఉన్న ప్రతివాడి దగ్గరా ఉండే ఆ చవక 50 మి.మీ. ఎఫ్/1.8 లెన్సు అసలైన మాక్రో లెన్సు దాటిపోయింది! అదే ట్యూబులు 250 మి.మీ. జూముకి పెడితే? 68ని 250తో భాగిస్తే పావు వంతు చిల్లర. దండగ. ట్యూబులు పొట్టి లెన్సులకే.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. మరీ చవక ట్యూబుల్లో ఎలక్ట్రానిక్ కాంటాక్టులుండవు. అవి లేకపోతే కెమెరా నుంచి అపెర్చర్ మార్చడం కుదరదు. మిర్రర్‌లెస్ లెన్సుల్లో చాలావాటికి ఫోకస్ రింగు కూడా కరెంటు లేకుండా పనిచెయ్యదు. కాబట్టి కాంటాక్టులున్నవే కొనండి. అయినా నాలుగంకెల్లోనే అయిపోతుంది.

రెండో దారి లెన్సుని తిరగేసి బిగించడం. రివర్స్ రింగ్ అని ఒక అల్యూమినియం చక్రం దొరుకుతుంది, అన్నిటికన్నా చవక. 50 మి.మీ. లెన్సుని డీఎస్ఎల్ఆర్ మీద తిరగేస్తే దాదాపు 1:1. 28 మి.మీ. తిరగేస్తే రెండు రెట్లు. ఇందులో ఇంకో అందం ఏమిటంటే, తిరగేశాక లెన్సు ఏ కంపెనీదైనా ఒకటే. నాన్నగారి కాలం నాటి ఫిలిం కెమెరా లెన్సు అటక మీదుంటే దించండి. దానికి అపెర్చర్ రింగు ఉంటుంది, అదే ఇక్కడ బంగారం. కొత్త లెన్సులకి ఆ రింగు ఉండదు. కెనాన్ లెన్సు ఊడదీస్తే పూర్తిగా తెరుచుకుని ఉంటుంది, నికాన్ జీ రకం లెన్సు ఊడదీస్తే పూర్తిగా మూసుకుపోతుంది. రెండూ ఇబ్బందే. మిర్రర్‌లెస్ వాళ్ళకి ఇంకో మెలిక: కెమెరా నోటి దగ్గర్నుంచి సెన్సార్‌కి దూరం డీఎస్ఎల్ఆర్‌లలో 44-46 మి.మీ. ఉంటే, మిర్రర్‌లెస్‌లలో 16 నుంచి 20. కాబట్టి ఊరికే తిరగేస్తే అంత మాగ్నిఫికేషన్ రాదు, మధ్యలో ట్యూబు పెట్టాలి.

మూడో దారి క్లోజప్ లెన్సు. లెన్సు ముందు తగిలించే భూతద్దం అనుకోండి. మార్కెట్లో +1, +2, +4, +10 అని సెట్లుగా అమ్మే ఒంటి గాజు ఫిల్టర్ల జోలికి వెళ్ళొద్దు, అంచుల్లో రంగులు కారతాయి. రేనాక్స్ డీసీఆర్-150, డీసీఆర్-250 అని రెండున్నాయి, అవి ఒకటికి మించి గాజులతో రంగులు కారకుండా సరిదిద్దినవి. క్లిప్పులా నొక్కి తగిలించడమే, 52 నుంచి 67 మి.మీ. ఫిల్టర్ సైజుల దాకా పడుతుంది. 150కి శక్తి 4.8 డయాప్టర్లు, అంటే దాని ఫోకల్ లెంత్ 208 మి.మీ. 250కి 8 డయాప్టర్లు, 125 మి.మీ. సూత్రం: మీ లెన్సు ఫోకల్ లెంత్‌ని దీని ఫోకల్ లెంత్‌తో భాగించండి. 250 మి.మీ. దగ్గర డీసీఆర్-250 తగిలిస్తే రెండు రెట్లు! గెంతే సాలీడు కళ్ళు వచ్చేసినట్టే. డీసీఆర్-150 అయితే 1.2 రెట్లు.

గమనించారా, ట్యూబు లెక్కలో ఫోకల్ లెంత్ కిందుంది, దీన్లో పైనుంది. అందుకే ట్యూబులు పొట్టి లెన్సుకి, రేనాక్స్ పొడుగు లెన్సుకి. మీ దగ్గర 50 ఉందా, ట్యూబులు కొనండి. 55-250 లాంటి జూమ్ ఉందా, రేనాక్స్ కొనండి. ఇంత చిన్న విషయం కోసం జనం నెలల తరబడి రివ్యూలు చదువుతుంటారు.

ఇక అందరూ మర్చిపోయేది, పురుగు ఫోటోల్లో అన్నిటికన్నా ముఖ్యమైనది: లెన్సు మూతికీ పురుగుకీ మధ్య మిగిలే దూరం. నికాన్ 40 మి.మీ. మైక్రో 1:1 ఇస్తుంది, ధర కూడా తక్కువే, కానీ 1:1 దగ్గర మధ్యలో ఐదు సెంటీమీటర్లు కూడా మిగలదు. తూనీగ ఊరుకుంటుందా? పైగా మీ లెన్సు నీడ దాని మీదే పడుతుంది. ఫోన్లలో మాక్రో కూడా ఇక్కడే దెబ్బతింటుంది. 2021లో వచ్చిన ఐఫోన్ 13 ప్రో రెండు సెంటీమీటర్ల దగ్గర ఫోకస్ అవుతుంది. పువ్వుకి బాగుంటుంది, కందిరీగకి వద్దు, నా మాట వినండి. :) రేనాక్స్ 250తో జూమ్ ఎంత పెంచినా తగ్గించినా పన్నెండు సెంటీమీటర్ల దగ్గర దూరం మిగులుతుంది, 150తో ఇరవై దాకా. 100 మి.మీ. మాక్రో లెన్సుకి కూడా 1:1లో మిగిలేది ఇంచుమించు జానెడు లోపే.

"ఇవన్నీ కుప్పిగంతులు గురూ, అసలు లెన్సుకి ఉండే షార్ప్‌నెస్ వీటికి వస్తుందా?" అంటారు. రాదు, నిజమే. మూలల్లో తప్పకుండా తేడా ఉంటుంది. కానీ పురుగు ఫోటోలో మూలల్లో ఏముంటుంది? మసకబారిన ఆకుపచ్చ. ఇక మధ్యలో షార్ప్‌నెస్ అంటారా, అక్కడ అడ్డం పడేది లెన్సు కాదు. ఇప్పుడు ప్రొఫైలర్ పెడదాం రండి.

1:1 దగ్గర ఎఫ్/8 పెట్టి క్రాప్ సెన్సార్‌లో తీస్తే ఫోకస్‌లో ఉండే లోతు సుమారు 0.6 మి.మీ. రెండు రెట్ల దగ్గర పావు మిల్లీమీటరు! అంటే సాలీడు కన్ను ఫోకస్‌లో ఉంటే కాలు ఉండదు. సరే ఎఫ్/16 పెడదామా? ట్యూబులతో, మాక్రో లెన్సులతో దగ్గరికి వెళ్ళిన కొద్దీ వెలుగు తగ్గుతుంది. 1:1 దగ్గర మీరు ఎఫ్/8 అంటే నిజానికి ఎఫ్/16 అయినట్టు, రెండు స్టాపులు, నాలుగో వంతు వెలుగే మిగులుతుంది. ఎఫ్/16 అంటే ఎఫ్/32 అయినట్టు, అప్పుడు డిఫ్రాక్షన్ వల్ల లక్ష రూపాయల లెన్సైనా మసకబారాల్సిందే. ఫిజిక్స్‌కి బ్రాండ్ తెలీదు. (రేనాక్స్ లాంటివి జూమ్ ముందు పెడితే ఎక్స్‌పోజర్ మటుకు తగ్గదు, లోతు సమస్య మాత్రం దానికీ ఉంటుంది.) దీనికి తోడు మీ చెయ్యి వణుకుతుంది, సముద్రపు గాలికి ఆకు ఊగుతుంది.

అంటే బాటిల్‌నెక్ ఎక్కడుంది? వెలుగు దగ్గర. లెన్సు దగ్గర కాదు.

ఒక మామూలు మాన్యువల్ ఫ్లాష్ తీసుకుని, దాని ముందు ప్యాకింగ్‌లో వచ్చే తెల్ల ఫోమ్ షీటో, ట్రేసింగ్ పేపరో వంచి కట్టండి. ఫ్లాష్‌ని తక్కువ పవర్‌లో పెడితే అది వెలిగేది సెకనులో కొన్ని వేల వంతులే. చెయ్యి వణుకూ ఆకు ఊగడమూ రెండూ అక్కడే ఆగిపోతాయి. ఫోకస్‌ని మాన్యువల్‌లో పెట్టి, ఊపిరి బిగబట్టి, ఒళ్ళంతా మెల్లగా ముందుకి వంచుతూ కన్ను ఫోకస్‌లోకి రాగానే నొక్కడమే. ఆటోఫోకస్‌తో ఇక్కడ పెద్దగా పనిలేదు.

ఇప్పుడు ఖరీదైన లెన్సులో మనం దేనికి డబ్బు కడుతున్నామో చూడండి. 2009లో వచ్చిన కెనాన్ 100 మి.మీ. ఎల్ మాక్రోలో హైబ్రిడ్ ఐఎస్ అని వణుకు తగ్గించే ఏర్పాటు పెట్టారు. మంచిదే. మామూలు దూరంలో నాలుగు స్టాపులు, సగం సైజు దగ్గర మూడు, 1:1 దగ్గరికొచ్చేసరికి రెండే స్టాపులని కంపెనీయే చెప్పింది. మనకి ఎక్కడ కావాలో సరిగ్గా అక్కడే అది తగ్గిపోతుంది. ఆకు ఊగడం మీద దానికి అసలు అధికారమే లేదు. ఆ పని వెయ్యో రెండు వేలో పెట్టి కొన్న సెకండ్ హ్యాండ్ ఫ్లాషూ, చెత్తబుట్టలోంచి తీసిన ఫోమ్ షీటూ చేస్తాయి.

సరే, ఇవన్నీ ఆరు నెలలు వాడారు, ఇంకా ఇష్టం తగ్గలేదు, నిజంగా మాక్రో లెన్సే కావాలనిపించింది. అప్పుడు కొనండి, కానీ సెకండ్ హ్యాండ్. జనం మిర్రర్‌లెస్‌కి మారుతుంటే పాత డీఎస్ఎల్ఆర్ మౌంటు మాక్రోలు బయటికొస్తున్నాయి. 2000లో వచ్చిన కెనాన్ 100 మి.మీ. ఎఫ్/2.8 యూఎస్ఎమ్, టామ్రాన్ 90, టోకినా 100, ఇవన్నీ ఆప్టికల్‌గా నిక్కమైన 1:1 లెన్సులు. కెనాన్ ఈఎఫ్ లెన్సు ఆర్ఎఫ్ బాడీ మీద అడాప్టర్‌తో ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. నికాన్‌లో ఏఎఫ్-డీ రకానికి జెడ్ బాడీల మీద కంపెనీ ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో ఆటోఫోకస్ రాదు, కానీ మనకి అదెలాగూ అక్కర్లేదనుకున్నాం కదా.

అయితే విశాఖలో సెకండ్ హ్యాండ్ లెన్సు కొనేవాళ్ళకి ఒక ప్రత్యేకమైన హెచ్చరిక: ఫంగస్. ఈ ఊళ్ళో గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువ రోజులు 70 శాతం చుట్టూనే తిరుగుతుంటుంది. అలాంటి చోట బ్యాగులో మూతేసి దాచిన లెన్సు లోపల సాలెగూడు లాంటి బూజు పడుతుంది. ద్వారకా నగర్ షాపులో చూసినా, ఎవరింటికో వెళ్ళి చూసినా ఇలా చెయ్యండి. అపెర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి ఫోన్ టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడండి. సన్న దారాలు కనబడితే దండం పెట్టి వచ్చెయ్యండి. నాలుగు దుమ్ము రేణువులుంటే పర్లేదు, పోర్టున్న ఊళ్ళో దుమ్ము లేని వస్తువెక్కడుంది? అపెర్చర్ రేకుల మీద నూనె మరకలున్నాయేమో, ఫోకస్ రింగు ఎక్కడైనా పట్టేస్తోందేమో చూడండి. మీ బాడీ తీసుకెళ్ళండి, జేబులోంచి స్కేలు తియ్యండి, కౌంటర్ మీద పెట్టి నాలుగు ఫోటోలు తియ్యండి. షాపాయన "ఏటి సార్, కెమెరా కొంటారా బట్ట కొంటారా?" అని నవ్వినా ఫర్వాలేదు, నవ్వనివ్వండి.

ఇంటికి తెచ్చాక లెన్సుని అల్మారాలో బట్టల మధ్య పెట్టొద్దు. గాలి చొరబడని బియ్యం డబ్బా లాంటిదొకటి, దాన్లో సిలికా జెల్, ఒక చిన్న తేమ మీటరు. 40-50 శాతం మధ్య ఉంచితే చాలు. వీటన్నిటికంటే మంచి మందు ఒకటుంది: వారం వారం బయటికి తీసి వాడటం.

ఇంతకీ నా వాదనకి ఎదురు వాదన లేదా అంటే, ఉంది. "సగం సగం వస్తువులు నాలుగు కొనే బదులు మంచిది ఒక్కటి కొంటే పీడా పోతుంది" అంటారు. ఫ్రిజ్ విషయంలో నేనూ ఒప్పుకుంటా. ఫ్రిజ్ కావాలా వద్దా అన్న అనుమానం మనకుండదు కాబట్టి. క్లోజప్ ఫోటోల సరదా అలా కాదు. వానలో బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, దోమలు కుడుతుంటే నలభై ఫోటోలు తీసి ముప్పై తొమ్మిది పారేసే ఓపిక మీకుందో లేదో షాపులో తెలీదు. ట్యూబు ఆ సంగతి తక్కువ ఖర్చులో తేల్చేస్తుంది. మన భాషలో ప్రోటోటైప్ అనుకోండి. పైగా అవి వృథా కావు. రేపు 100 మి.మీ. మాక్రో కొన్నా, రెండు రెట్లకి వెళ్ళాలంటే మళ్ళీ ఆ రేనాక్సే తగిలించాలి.

ఒక్క రకం వాళ్ళు మాత్రం నా సలహా వినక్కర్లేదు: ఫోటోల మీద బతికేవాళ్ళు. పెళ్ళిలో ఉంగరాలూ మంగళసూత్రాలూ తీసేవాళ్ళు, నగల షాపులకి తీసేవాళ్ళు. ముహూర్తం టైంలో లెన్సు తిరగేస్తూ కూర్చుంటే పురోహితుడు ఆగడు. వాళ్ళకి అది పెట్టుబడి. మనకి ఖర్చు. ఆ తేడా మర్చిపోవడమే మన జబ్బుకి మూలం.

చివరిగా, ఈ గోలంతా ఎందుకంటే, లెన్సు గురించి కొట్టుకుంటూ మనం అసలు వాటిని చూడటం మానేస్తున్నాం. మనకి ఊరి పక్కనే కంబాలకొండ ఉంది, డెబ్బై చదరపు కిలోమీటర్ల అడవి. మధురవాడ, రుషికొండ వైపు ఆఫీసులకి రోజూ దాని పక్కనుంచే వెళ్తాం, క్యాబ్‌లో నిద్రపోతూ. అందులో ఏ చెట్టు మీద ఏ సాలీడుందో మనలో ఎంతమంది చూశారు? 1899లో పోకాక్ అనే ఆయన అనంతపురం జిల్లా గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిన నీలిరంగు పెద్ద సాలీడుకి పేరు పెట్టాడు. అది నిజానికి బతికేది నంద్యాలకీ గిద్దలూరుకీ మధ్య అడవిలో అని తెలియడానికి 2001 దాకా పట్టింది. నూట రెండేళ్ళు! అంత పెద్ద, అంత నీలంగా మెరిసే దాని సంగతే ఇలా ఉంటే, గోడ మీద ఐదు మిల్లీమీటర్ల వాటి సంగతేమిటి?

ఈ కథలో ఇంకో పాఠం కూడా ఉంది. ఆ గుత్తి సాలీడుని పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టుకుపోతారు, ఇప్పుడది అంతరించే ప్రమాదం అతి తీవ్రంగా ఉన్న జీవుల జాబితాలో ఉంది. కాబట్టి అరుదైనది దొరికితే ఫోటోతో పాటు సరిగ్గా ఎక్కడ దొరికిందో చాటింపు వెయ్యకండి. ఫోటో కోసం పురుగుల్ని ఫ్రిజ్‌లో పెట్టడం, జిగురుతో అంటించడం లాంటి పన్లు కూడా చెయ్యకండి. రాళ్ళ గుంటల్లో రాయి ఎత్తితే మళ్ళీ అలాగే పెట్టండి, దాని కింద ఎవరిదో ఇల్లుంటుంది.

మా కుర్రాడు ఈఎంఐ మానేశాడో లేదో నాకు తెలీదు, అడగలేదు కూడా. అది వాడి జీతం. నేను వాడికి చెప్పిన వరస మాత్రం మీకూ చెప్తున్నాను. ఏం తీస్తారో కాగితం మీద రాయండి. దాని సైజు రాయండి. సెన్సార్ వెడల్పుని ఆ సైజుతో భాగించండి. ఉన్న లెన్సుతో స్కేలు తీసి ఎంత తక్కువ పడుతోందో చూడండి. పొట్టి లెన్సుంటే ట్యూబు, పొడుగుదుంటే రేనాక్స్. మిగిలిన డబ్బులో ఫ్లాషూ సిలికా జెల్. ఆరుద్ర కార్తె ఏటా వస్తుంది, ఈఎంఐ లేకపోయినా వస్తుంది.